ఏడేళ్ల వెల్లుల్లి

రష్త్‌లో వాన ఎవర్నీ అడిగి పడదు.
చేపల బజారు వెనక సందులో
నాలుగడుగుల కొట్టు నాది.
అద్దం మీద రాయించాను: ఫోన్లు బాగు చేయబడును.
వచ్చే ఫోన్లలో సగానికి ఏ జబ్బూ ఉండదు.

"స్క్రీన్ పగిలింది, కియూమర్స్"
అంటారు గొంతు తగ్గించి.
తీసుకుని దీపం కింద తిప్పి చూస్తాను.
గీత కూడా ఉండదు.
"అవును, బాగానే పగిలింది" అంటాను.
ఇదీ మా భాష.
పగిలింది అంటే, మూసేశారని.
అతికించు అంటే, కొత్త వీపీఎన్ వెయ్యమని.

ఏం చూస్తారనుకున్నారు వీళ్లు?
గుల్నెసా ఖానుమ్ వెల్లుల్లి జాడీ వీడియో పెట్టాలి.
వెనిగర్‌లో ఏడేళ్లు ఊరి
తారులా నల్లబడ్డ వెల్లుల్లి,
నోట్లో వేస్తే ఖర్జూరం.
ఆమె మూత తీసే చప్పుడు కోసం
మూడువేల మంది కాచుకుని కూర్చుంటారట.
చేపల యదుల్లాకి రేపటి సముద్రం కావాలి,
రేడియో చెప్పే సముద్రం కాదు, నిజంది.
కెమిస్ట్రీ పంతులమ్మ మహ్‌లఖా చెల్లెలి పేరు
ఏదో జాబితాలో ఉందో లేదో తెలియాలి.
ఆ జాబితా ఇక్కడ తెరుచుకోదు.

నిన్నటి తాళంచెవి ఇవాళ్టి తాళానికి పట్టదు.
మంగళవారం వేసింది గురువారానికి చచ్చిపోతుంది.
టెహ్రాన్‌లో ఎక్కడో, నాలాంటివాడే ఒకడు
కళ్లు మండేదాకా కూర్చుని
దారులు వెతికి వెతికి ఒక్కొక్కటే పూడుస్తుంటాడు.
అతని టీ కూడా చల్లారిపోతుందేమో.
ముఖాలు చూసుకోకుండా
చదరంగం ఆడుతున్నాం ఇద్దరం.
నీరు పల్లమెరుగు.
పల్లం తవ్వడమే నా పని,
మిగతాది వాన చూసుకుంటుంది.

ఆ చలికాలం మాత్రం
తలుపులు మూయలేదు,
ఇల్లే ఎత్తుకుపోయారు.
ఆరు రోజులు ఫోన్లన్నీ ఉత్త గడియారాలు.
నా విద్య అంతా
నీళ్లు లేని ఊళ్లో ఈతగాడి విద్య.

మూడో రోజు యదుల్లా వచ్చాడు
తెల్లచేప ఒకటి కాగితంలో చుట్టుకుని.
"కడిగేటప్పుడు జాగ్రత్త" అన్నాడు, అంతే.
మొప్ప కింద, ప్లాస్టిక్ తొడుగులో
గోరంత మెమరీ కార్డు.
ఏ ఓడ తెచ్చిందో, ఏ రేవులో చేతులు మారిందో
అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
రాత్రంతా కాపీలు తీశాను.
ఒకటి గుల్నెసా జాడీ మూతలోకి,
ఒకటి రొట్టెల కుర్రాడి సంచి అడుక్కి,
లాంగరూద్ వెళ్లే టాక్సీలో ఒకటి, డ్రైవరుకి కూడా తెలియకుండా.
తీగల మీద పరుగెత్తాల్సినవి
కాళ్ల మీద నడిచాయి ఊరంతా,
చేపల కంపుతో, వెనిగర్ ఘాటుతో.

మహ్‌లఖా కొట్టు వెనక ముక్కాలిపీట మీద కూర్చుని
జాబితా మొదటినుంచి చివరిదాకా చదివింది.
మళ్లీ మొదటినుంచి చదివింది.
ఫోన్ నా చేతికిచ్చి లేచింది.
ఏముందని నేను అడగలేదు.
గొడుగు ఇక్కడే వదిలేసి
వానలో పడి వెళ్లిపోయింది.
ఇంకా ఆ మూలనే ఉంది గొడుగు.

ఏడో రోజు సాయంత్రం లైను వచ్చింది,
నత్తనడకన, అదీ సగమే.
షట్టరు సగం దించాక
కింద బూట్లు కనిపించాయి.
వంగి లోపలికొచ్చాడు.
కిందటేడు నా రెండు కంప్యూటర్లు పట్టుకెళ్లిన ఆఫీసరు,
రసీదు ఇప్పటికీ ఇవ్వలేదు.
భుజాల మీద నీళ్లు దులుపుకుని
జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.
నా వైపు చూడలేదు,
వాన వైపు చూస్తూ అన్నాడు:
"స్క్రీన్ పగిలింది."

అతని నోట మా మాట.
వల విసిరాడో,
అతనికీ ఎక్కడో ఒక చెల్లెలుందో,
నిజం దేవుడెరుగు.

ఫోన్ తీసుకుని
దీపం కింద పెట్టాను.
అటు తిప్పి, ఇటు తిప్పి
లేని గీత కోసం
చాలాసేపు వెతుకుతూ ఉండిపోయాను.